బడిలో జావ, బడివాకిట రంగునీళ్ళు

ప్రశ్న: మా ఊరి ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు రాగిజావ పోయుచున్నారు. గేటు దాటినంతనే శీతలపానీయములు, చిప్సు పొట్లములు అమ్ముచున్నారు. తల్లిదండ్రులము మేమేమి చేయగలము?

జవాబు: అమ్మా, మీ ఆవేదన సమంజసమైనది; శాసనమును మీ పక్షముననే యున్నది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో వెలువరించిన నిబంధనల ననుసరించి, కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన పదార్థములను పాఠశాల ఆవరణలోను, ద్వారమునకు 50 మీటర్లలోపలను విక్రయింపరాదు. 300 మిల్లీలీటర్ల తీపి శీతలపానీయములో సుమారు 30 గ్రాముల చక్కెర యుండుననిన, ఈ నిషేధ మెంత అవసరమో ఊహింపుడు. పాఠశాల యాజమాన్య కమిటీచేత తీర్మానము చేయించి, ఆహార భద్రతాధికారికి పంపుడు. బడ్డీకొట్టువారి బ్రతుకుతెరువు పోగొట్టుటకంటె, వారిచేతనే ఉడికించిన వేరుశనగకాయలు, జామకాయలు అమ్మించుట మేలని నా అభిప్రాయము.

అంతకన్న ముఖ్యమైనది, బడిలో పెట్టునది పిల్లలు మక్కువతో త్రాగునట్లుండుట. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రారంభమైన రాగిజావ ఉత్తమాహారమే. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. కాని పిండిని ముందుగా చన్నీళ్ళలో ఉండకట్టకుండ కలిపి, మరుగునీళ్ళలో పోసి, అడుగంటనీయక కలియబెట్టుచు, పచ్చివాసన పోవువరకు ఉడికింపవలెను. బెల్లమును కరిగించి వడగట్టక వేసినచో ఇసుక తగులును. ఒకమారు పంటిక్రింద ఇసుక పడిన పిల్లవాడు మరునాడు గ్లాసు ముట్టడు. మీరొక ఉదయమున వంటశాలకు వెళ్ళి, ఆ జావను స్వయముగా రుచి చూచి, వంటచేయు తల్లులతో ఆదరముగా మాట్లాడుడు.