బాబాయి తోట ఎన్ని సెంట్లు?

ఎక్సెల్ అంటే మార్కులు కూడుకోవడానికే అని మొన్నటిదాకా నేనూ అనుకున్నాను.

మా బాబాయి కొత్తపేట దగ్గర లంకలో అరటితోట కౌలుకు చేస్తున్నాడు. ఎకరాకు ఏడాదికి 40,000 రూపాయలు. తోట నాలుగు పక్కలు వరసగా 150, 200, 170, 280 అడుగులు. ఆసామి ఎదురెదురు పక్కల సగటు తీసి, 160ని 240తో హెచ్చవేసి, 38,400 చదరపు అడుగులు అన్నాడు. సెంటుకు 435.6 చొప్పున 88.15 సెంట్లు. ఇది మోసమేం కాదు, పాత పద్ధతి. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే దీన్ని చెప్పి, స్థూలమైన లెక్క అని కూడా అన్నాడు. నాలుగు మూలలూ మూలమట్టంగా ఉంటేనే సరిపోతుంది. లేకపోతే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. ఆ ఎక్కువ కౌలుదారు నెత్తినే కదా పడేది!

సంక్రాంతి సెలవుల్లో నేనూ బాబాయీ కర్ణం కొలిచాం. అరటి చెట్ల మధ్య టేపు వంకర పోకుండా లాగేసరికి ఒక పూట పట్టింది. 250 అడుగులు. ఇప్పుడు తోట రెండు త్రిభుజాలైంది. ఇక లెక్కల పుస్తకంలోని హెరాన్ సూత్రమే.

బడికొచ్చాక ఏ2, బి2, సి2 గళ్ళలో 150, 200, 250 వేశాను. కింది వరసలో 250, 170, 280. డి2లో సగం చుట్టుకొలత:
=సమ్(ఏ2:సి2)/2
ఇ2లో వైశాల్యం:
=ఎస్‌క్యూఆర్‌టి(డి2*(డి2-ఏ2)*(డి2-బి2)*(డి2-సి2))
ఎస్‌క్యూఆర్‌టి అంటే వర్గమూలం. (కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి, బ్రాకెట్లు లెక్కపెట్టుకోండి.) డి2, ఇ2లను కింది వరసకి లాగితే సూత్రం తనే మారిపోతుంది. 15,000, 21,000 వచ్చాయి. ఇ4లో:
=రౌండ్(సమ్(ఇ2:ఇ3)/435.6,2)
జవాబు 82.64 సెంట్లు!

మొదట నేను 250 బదులు 520 కొట్టేశాను. అలాంటి త్రిభుజమే ఉండదు, బ్రాకెట్లో రుణసంఖ్య వచ్చింది, గడిలో 'నమ్' అని తప్పు పడింది. కంగారుపడకండి, అప్పుడు కొలతలు మళ్ళీ చూసుకోవాలి.

తేడా 5.51 సెంట్లు. ఏడాదికి 2,204 రూపాయలు. బాబాయి మూడేళ్ళుగా కడుతున్నాడు.

ఆదివారం ఫోన్లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఈ మాట ఎత్తితే వచ్చే ఏడు తోట ఇస్తాడంటావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ తనే, "ఆ కాగితం పంపరా. నువ్వొచ్చినప్పుడు ఆయన్ని కూడా పిలిచి, ఆయన ముందే టేపు లాగుదాం" అన్నాడు.

నిన్ననే పంపాను.