మ్యాప్‌లో రోడ్డు గీయడం తేలికే.. గీసే మనిషిని నిలబెట్టుకోవడమే అసలు పని

పోయిన సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్తున్నా. బైక్ మీద, చీకటి పడ్డాక, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకుని. కాలువ గట్టు దగ్గర ఎడమకి తిరగమంది, తిరిగా. కాస్త దూరం వెళ్లగానే హెడ్‌లైట్ వెలుగులో రోడ్డుకి అడ్డంగా వేసిన ముళ్లకంప కనిపించింది. బ్రేక్ కొట్టి, దిగి చూస్తే ముందు కల్వర్టు లేదు. కింద కాలువ నీళ్లు. గట్టు మీద పోతున్న ఒక పెద్దాయన ఆగి, "అది కూలిపోయి ఏడాది దాటింది బాబూ, ఈ దారి నీకెవరు చెప్పారు?" అన్నాడు.

చెప్పింది నేనే. ఎలాగంటారా? నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాలంటీర్‌గా మ్యాపింగ్ చేస్తుంటా. దానికి కొన్ని నెలల ముందు, ఎవరో కొత్త యూజర్ సరిగ్గా ఆ కల్వర్టు దగ్గర రోడ్డు ముక్కని డిలీట్ చేశాడు. కామెంట్‌లో "ఫిక్స్" అని ఒక్క మాట రాశాడు, అంతే. నేను శాటిలైట్ ఇమేజ్ చూశా, రోడ్డు శుభ్రంగా కనిపిస్తోంది. "ఆధారం లేకుండా డిలీట్ చేయొద్దు. రివర్ట్ చేశా" అని రాసి రోడ్డుని మళ్లీ పెట్టేశా. అడగలేదు, హలో కూడా చెప్పలేదు. శాటిలైట్ ఇమేజ్ పాతది. ఆ కొత్త మనిషి చెప్పిందే నిజం. రూమ్‌కి తిరిగొచ్చాక అతని ప్రొఫైల్ తీసి చూశా. అదే అతని మొదటి ఎడిట్, చివరి ఎడిట్ కూడా.

ఈ ఆర్టికల్ ఆ ఒక్క తప్పు గురించే. మీ ఊళ్లో, మీ కాలేజీలో మ్యాపింగ్ గ్రూప్ మొదలుపెట్టాలనుకుంటే యాప్‌లు, టూల్స్ నేర్చుకోవడానికి ఒక వారం చాలు. వచ్చిన మనిషి రెండోసారి కూడా వచ్చేలా చూడటమే అసలు పాఠం.

ముందు రెండు ముక్కల్లో బేసిక్స్

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టాడు. మ్యాప్‌లకి వికీపీడియా లాంటిది అనుకోండి. అకౌంట్ ఉన్న ఎవరైనా రోడ్డు, షాపు, బస్టాప్, చెరువు ఏదైనా చేర్చొచ్చు, మార్చొచ్చు. ముందుగా ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. మీరు సేవ్ చేసిన మార్పు కొన్ని నిమిషాల్లోనే ప్రాజెక్ట్ డేటాబేస్‌లోకి వెళ్లిపోతుంది. ఒకసారి సేవ్ చేసిన మార్పుల కట్టని చేంజ్‌సెట్ అంటారు. దాని కింద మిగతా మ్యాపర్లు కామెంట్ రాయొచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌ఆండ్ లాంటి ఆఫ్‌లైన్ యాప్‌లు నడిచేది ఈ డేటా మీదే.

అంటే ఇక్కడ గేటు దగ్గర కాపలా లేదు. క్వాలిటీ మొత్తం మనుషుల మీద, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పద్ధతి మీద ఆధారపడి ఉంటుంది.

2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కి సరైన డిజిటల్ మ్యాప్ లేదు. కంపెనీలు ఇచ్చిన కొత్త శాటిలైట్ ఇమేజ్‌లు చూస్తూ ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు రోడ్లు, కూలిన ఇళ్లు, శిబిరాలు గీశారు. సహాయక బృందాలు ఆ డేటానే జీపీఎస్ పరికరాల్లో వేసుకుని తిరిగాయి. అదే ఏడాది హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ సంస్థగా ఏర్పడింది. దూరంగా కూర్చుని గీసేవాళ్ల బలం ఎంతో అక్కడ తెలిసింది. కానీ ఏ వీధి పేరేంటి, ఏ కల్వర్టు కూలింది అన్నది మాత్రం ఆ ఊరి మనిషే చెప్పాలి. నేను పోగొట్టుకున్నది అలాంటి మనిషినే.

పాఠం 1: మొదటి పని పది నిమిషాల్లో అయిపోవాలి

కొత్తవాళ్లకి మొదటి రోజే ట్యాగులు, రిలేషన్లు, జోసమ్ లాంటి పెద్ద ఎడిటర్ చూపిస్తే భయపడి పారిపోతారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేయించండి. అది మీరున్న చోటే ప్రశ్నలు అడుగుతుంది: ఈ రోడ్డు సిమెంటా, మట్టా? ఈ వీధికి లైట్లున్నాయా? ఈ షాపు ఎన్నింటికి తెరుస్తారు? జవాబు నొక్కితే మ్యాప్‌లోకి వెళ్లిపోతుంది. ఐఫోన్ వాళ్లకి ఎవ్రీ డోర్ ఉంది, షాపులు, అడ్రస్‌లు ఎక్కించడానికి బాగుంటుంది.

మొదటి పని వాళ్ల సొంత వీధిలోనే ఇవ్వండి. తెలియని ఊళ్లో యాభై ఇళ్లు గీయమంటే అది డేటా ఎంట్రీ. వాళ్ల టిఫిన్ సెంటర్‌ని మ్యాప్‌లో పెట్టమంటే అది వాళ్ల మ్యాప్.

ఒక చిన్న జాగ్రత్త. ఎడిట్ చేసిన వెంటనే ఆఫ్‌లైన్ యాప్‌లో కనిపించదు. ఆ యాప్ కొత్త డేటా తెచ్చుకునేదాకా ఆగాలి. ముందే చెప్పకపోతే "నేను పెట్టింది పోయింది" అనుకుంటారు. వెబ్‌సైట్‌లో ఓపెన్ చేసి అప్పటికప్పుడే చూపించండి.

పాఠం 2: మొదటి ఎడిట్‌కి మనిషి జవాబివ్వాలి

సాఫ్ట్‌వేర్ కంపెనీలో మొదటిసారి కోడ్ రివ్యూకి పంపినప్పుడు ఎలా ఉంటుందో గుర్తుందా? సీనియర్ నుంచి ఏ జవాబూ రాకపోయినా బాధే, "ఇదేంటి?" అని వచ్చినా బాధే. మ్యాపర్‌కీ అంతే. బ్రౌజర్‌లో వాడే ఐడీ ఎడిటర్‌లో సేవ్ చేసేటప్పుడు "నా ఎడిట్‌ని ఎవరైనా చూడండి" అని టిక్ పెట్టే గడి ఒకటి ఉంటుంది. మీ ఏరియాలో అలా అడిగినవాళ్లని ఓఎస్‌ఎమ్‌చా అనే టూల్‌లో ఫిల్టర్ చేసి చూడొచ్చు. గ్రూప్‌లో ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని చూస్తే సరిపోతుంది.

ఏం రాయాలి? నేను ఇప్పుడు వాడే పద్ధతి ఇది:

- ముందు వాళ్లు చేసిన మంచి పనిని పేరు పెట్టి చెప్పండి. "స్వాగతం! మీరు పెట్టిన మెడికల్ షాపు, టైమింగ్స్ బాగున్నాయి."
- తర్వాత ఒకే ఒక్క సవరణ. పది తప్పులున్నా ఒకటే చెప్పండి. మిగతావి మీరే సరిచేసి, ఎలా చేశారో చూపించండి.
- చివర్లో ఒక ప్రశ్న. "పక్క సందు కూడా మీకు తెలుసా?" ప్రశ్న ఉంటే మాట ముందుకు సాగుతుంది.

భాష కూడా చూసుకోండి. తెలుగులో రాసినవాళ్లకి తెలుగులోనే జవాబివ్వండి. ఇంగ్లీష్‌లో రూల్స్ లింకులు నాలుగు పడేస్తే అది స్వాగతంలా ఉండదు, నోటీసులా ఉంటుంది.

పాఠం 3: రివర్ట్ బటన్ కంటే ముందు ప్రశ్న

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: నేల మీద ఏది ఉందో అదే రైట్. శాటిలైట్ ఇమేజ్ ఎప్పుడో తీసినది కావచ్చు, కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు. ఇరుకు సందుల్లో ఫోన్ జీపీఎస్ కూడా అలాగే పక్కకి జరుగుతుంది. అక్కడ నిలబడి చూసిన మనిషి మాటే ఎక్కువ.

అందుకే అనుమానం వస్తే ముందు అడగండి: "ఇక్కడ రోడ్డు తీసేశారు కదా, మీరు చూశారా? ఏం జరిగింది?" రెండు మూడు రోజులు ఆగండి. మెయిన్ రోడ్డు మొత్తం ఎగిరిపోయినట్టు పెద్ద నష్టం ఉంటే వెంటనే సరిచేయొచ్చు. కానీ అప్పుడు కూడా ఎందుకు మార్చారో మర్యాదగా రాయాలి. నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అతను "కల్వర్టు కూలింది" అని రెండు మాటలు రాసేవాడేమో. రోడ్డు మొత్తం డిలీట్ చేయకుండా తెగిన చోట వరకే ఎలా గుర్తు పెట్టాలో నేనూ నేర్పించేవాణ్ణి.

పాఠం 4: తుంటరిని కూడా తొందరపడి తరమొద్దు

గేమర్స్‌కి ఇది తెలిసే ఉంటుంది. 2017 డిసెంబర్‌లో పోకెమాన్ గో తన మ్యాప్‌ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాకి మార్చింది. పార్కుల్లో పోకెమాన్‌లు ఎక్కువ దొరుకుతాయని కొందరు ప్లేయర్లు తమ ఇంటి చుట్టూ లేని పార్కులు గీసేశారు. మ్యాపర్లకి ఒళ్లు మండింది, మండదా మరి! దొంగ పార్కులు తీసేయాల్సిందే, అందులో మొహమాటం లేదు. కానీ వాటితో పాటు మనిషిని కూడా తరిమేయనక్కర్లేదు. "లేని పార్కు వద్దు, మీ దగ్గర ఉన్న నిజమైన నడకదారులు మ్యాప్‌లో లేవు, అవి గీయండి" అని చెబితే వినేవాళ్లు ఉంటారు. గేమ్ కోసం వచ్చిన ప్లేయర్లలో కొందరు నిజమైన మ్యాపర్లుగా మిగిలారు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు వేరు. గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు కాపీ చేయడం. వాళ్ల డేటాకి వాళ్ల హక్కులున్నాయి కాబట్టి ఇది కుదరదు. చాలామందికి ఈ విషయం నిజంగా తెలియదు. "దొంగతనం" లాంటి మాటలు వాడకుండా కారణం చెప్పండి, బోర్డు చూసి రాయమనండి. అలాగే ఇళ్లలో ఉండేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు మ్యాప్‌లో పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి.

పాఠం 5: ఒక ఆదివారం కలిసి తిరగండి

ఆన్‌లైన్ గ్రూప్ గట్టిపడేది ఆఫ్‌లైన్‌లోనే. 2006 మేలో బ్రిటన్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవికి మ్యాపర్లు వారాంతంలో జీపీఎస్‌లు పట్టుకుని వెళ్లి, రోడ్లు తిరిగి మ్యాప్ చేశారు. మ్యాపింగ్ పార్టీ అనే పద్ధతి అక్కడి నుంచే పాపులర్ అయింది. మన ఎండలకి తగ్గట్టు ప్లాన్ ఇలా చేయొచ్చు:

- పొద్దున్నే ఏడింటికి కలవండి. ఎనిమిది, పది మంది చాలు.
- ఒక కాలనీని నాలుగు ముక్కలు చేయండి. ప్రతి ముక్కకి ఒక పాత మ్యాపర్, ఒకరిద్దరు కొత్తవాళ్లు.
- గంటన్నర నడక. బోర్డులు ఫోటో తీయండి, మనుషుల మొహాలు పడకుండా చూసుకోండి. ఎవరైనా "ఏం చేస్తున్నారు?" అంటే ఆగి చెప్పండి. ఆ వీధి పాత పేరు మీకు చెప్పేది వాళ్లే.
- తర్వాత ఒక చోట కూర్చుని టిఫిన్, అప్‌లోడ్. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.
- వెళ్లేముందు పొద్దున మ్యాప్ ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన స్క్రీన్‌షాట్లు చూపించండి.

హైదరాబాద్ పాత కాలనీల్లో ఇంటి నంబర్లు వరుసలో ఉండవని తెలిసిందే కదా. అడ్రస్ అంటే "వేపచెట్టు దాటాక గుడి ఎదురు సందు". ఆ గుడి, ఆ సందు మ్యాప్‌లో లేకపోతే డెలివరీ అబ్బాయి ఫోన్ మీద ఫోన్ చేయాల్సిందే. ఈ ఉదాహరణ చెబితే మ్యాపింగ్ ఎందుకో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

పాఠం 6: గొడవలకి దారి ముందే పెట్టుకోండి

ఊరి పేరు స్పెల్లింగ్ దగ్గర గొడవ తప్పదు. ఇంగ్లీష్‌లో ఒకరు "పురం" చివర ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. ముందు బోర్డు మీద ఏముందో చూడండి, ఊరివాళ్లు ఏమంటారో అడగండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకి వేరే గడి, ఇంకో వాడుక పేరుకి వేరే గడి ఉన్నాయి. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడాల్సిన పని లేదు, రెండు పేర్లకీ చోటుంది. ఇద్దరూ ఒకరి మార్పు ఒకరు మార్చుకుంటూ పోతుంటే, ఎడిటింగ్ ఆపి మూడో మనిషితో కలిసి మాట్లాడండి.

పాఠం 7: లెక్కపెట్టాల్సింది ఎడిట్లని కాదు

లీడర్‌బోర్డ్ పెడితే ఊపొస్తుంది, నిజమే. కానీ నంబర్ కోసం ఇళ్లని అడ్డదిడ్డంగా గీసేవాళ్లూ వస్తారు. వాటిని సరిచేసేవాళ్లకి ఆ బోర్డులో చోటుండదు. దాని బదులు ఒకే లెక్క పెట్టుకోండి: పోయిన నెల కొత్తగా వచ్చినవాళ్లలో ఈ నెల ఎంతమంది మళ్లీ వచ్చారు? ఐదుగురిలో ఇద్దరు వచ్చినా సంతోషించండి. ఆ ఇద్దరిలో ఒకరికి తర్వాతి ఆదివారం బాధ్యత అప్పగించండి. అన్నీ ఒక్కడే చేసే గ్రూప్, ఆ ఒక్కడికి ఆఫీసులో డెడ్‌లైన్ వచ్చిన రోజే ఆగిపోతుంది.

చివరిగా

సంక్రాంతి తర్వాత ఆ రోడ్డుని కల్వర్టు దగ్గర తెంపి సరిచేశా. చేంజ్‌సెట్ కామెంట్‌లో "ఈ విషయం ముందే చెప్పిన యూజర్ రైట్, రివర్ట్ చేయడం నా తప్పు" అని రాశా. అతనికి విడిగా మెసేజ్ పెట్టి సారీ చెప్పా, ఊరి గురించి ఇంకా ఏం తెలుసో చెప్పమని అడిగా. ఇంతవరకు రిప్లై రాలేదు. రాకపోవచ్చు కూడా.

ఆ రాత్రి ఆ కంప వేసిందెవరో నాకు తెలియదు. మ్యాప్ చేయని పని ఆ ఊరివాళ్లు చేశారు. అలాంటివాళ్లు మ్యాప్‌లోకి వచ్చిన రోజు, ముందు "నమస్తే, రండి" అనండి. తప్పుంటే తర్వాత దిద్దుకోవచ్చు.