సిగరెట్టు పొగయు, విద్యుత్ సిగరెట్టు ఆవిరియు

ఈ సంవత్సరము ఆరోగ్యపాఠము జరుగుచుండగా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి మమ్మొక ప్రశ్న యడిగెను. "మాస్టరుగారూ, మా నాన్నగారు ఇరువది యేండ్లుగా సిగరెట్లు కాల్చుచున్నారు. మానవలెనని పలుమారులు యత్నించియు మానలేకపోయిరి. విదేశమునుండి వచ్చిన మా చిన్నాన్నగారు నిప్పులేని సిగరెట్టు నొకదానిని చూపి, దీనికి మారినచో భయము లేదనుచున్నారు. అది నిజమేనాండీ?" తరగతిలో కొందరు నవ్విరి. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. రాత్రులయందు తండ్రి దగ్గు వినుచున్న పిల్లవాని ప్రశ్న యది. నాడు గంట కొట్టుటచే మేము సగమే చెప్పగలిగితిమి. తక్కిన సగము, తలిదండ్రులును చదువుదురను ఆశతో, ఇచ్చట వ్రాయుచున్నాము.

నిప్పు చేయు పని

పొగాకునందు నికొటిన్ అను పదార్థము కలదు. మనుష్యుని అలవాటునకు బానిసగా చేయునది యిదియే. కాని క్యాన్సరును, ఊపిరితిత్తుల జబ్బును తెచ్చి ప్రాణము తీయునది ముఖ్యముగా పొగ. దమ్ము లాగునప్పుడు సిగరెట్టు కొన సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నందుకొనును. ఆ వేడికి ఆకు కాలి 7,000కు పైబడిన రసాయనములు పుట్టును. వానిలో ఇంచుమించు 70 క్యాన్సరును కలిగించునవి. తారు ఊపిరితిత్తుల కంటుకొనును. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో రక్తమును పట్టుకొని, శరీరమునకు చేరవలసిన ప్రాణవాయువును అడ్డగించును.

సిగరెట్టును గూర్చి చెప్పిన యీ మాట చుట్టకును బీడీకిని చెల్లును. మన ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలు చుట్ట యొక్క మండుచున్న కొనను నోటిలో నుంచుకొని పీల్చు "అడ్డపొగ" అలవాటు కలదు. వారికి అంగిలియందు క్యాన్సరు కలుగుట వైద్యు లెరిగినదే.

ఇంగ్లండు దేశమున రిచర్డు డాల్ అను వైద్యుడును ఆయన సహచరులును 1951 మొదలు 34,439 మంది పురుష వైద్యుల జీవితములను ఏబదియేండ్లు గమనించి, 2004లో తమ ఫలితములను ప్రకటించిరి. జీవితమంతయు సిగరెట్లు కాల్చినవారు, కాల్చనివారికంటె సగటున పదేండ్లు ముందుగా మరణించుచున్నారని తేలెను. అందే మంచిమాటయు కలదు. అరువదవ యేట మానినవారు మూడేండ్లును, ఏబదవ యేట మానినవారు ఆరేండ్లును, నలువదవ యేట మానినవారు తొమ్మిదేండ్లును ఆయువును తిరిగి పొందుచున్నారు.

ఆవిరి యంత్రము

ఇక చిన్నాన్నగారి పరికరమును చూతము. ఇప్పటి రూపమున దీనిని 2003 ప్రాంతమున కల్పించినవాడు చైనా దేశపు ఔషధశాస్త్రజ్ఞుడు హాన్ లిక్. ఆయనయు సిగరెట్లు కాల్చువాడే. ఇందులో చిన్న బ్యాటరీ, వేడెక్కు తీగచుట్ట, ఒక ద్రవము ఉండును. ద్రవమున ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యములు, పెక్కింటియందు నికొటిన్ కలిసియుండును. పీల్చినపుడు తీగ వేడెక్కి ద్రవమును ఆవిరి చేయును. ఆకు లేదు, కాలుట లేదు.

విద్యార్థులు తమ వంటయిల్లు తలచుకొన్నచో భేదము సులభముగా తెలియును. కట్టెల పొయ్యిమీది గిన్నె అడుగున మసి పట్టును. అన్నపు గిన్నె మూతకు చెమ్మ మాత్రమే పట్టును. మొదటిది కాలుటవలన, రెండవది కాగుటవలన కలిగినది. ఐనను ఈ యంత్రపు ఆవిరి అన్నపు గిన్నె ఆవిరివలె వట్టి నీరు కాదు. అందు నికొటిన్ కలదు. ఫార్మాల్డిహైడు వంటి విషములు సిగరెట్టుకంటె చాల తక్కువగా నైనను కలవు. వేడెక్కిన లోహమునుండి వచ్చు నికెలు, సీసము మొదలగు వాని జాడలును కనబడినవి.

కావున సరిపోల్చి చెప్పవలెనన్న, తారు సిగరెట్టున కలదు, ఆవిరియందు లేదు. కార్బన్ మోనాక్సైడు సిగరెట్టున విస్తారముగా కలదు, ఆవిరియందు లేనట్లే. నికొటిన్ రెంటను కలదు. బానిసత్వమును రెంటను కలదు. 2015లో ఇంగ్లండు ప్రజారోగ్యశాఖవారు ఆవిరి యంత్రము సిగరెట్టుకంటె నూటికి 95 వంతులు తక్కువ హానికరమని అంచనా కట్టిరి. ఇది నిపుణులు కూర్చుండి వేసిన అంచనాయే గాని, తూచి తేల్చిన లెక్క కాదు. దీనిని ఆక్షేపించిన వైద్యులును కలరు. ఈ యంత్రము పుట్టి పాతికేండ్లైనను కాలేదు. సిగరెట్టు దోషములు బయటపడుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టినది.

మానుటకు తోడ్పడునా?

2019లో ఇంగ్లండునందు 886 మంది ధూమపాయులపై జరిగిన పరీక్ష యొకటి ప్రకటింపబడెను. సగముమందికి ఆవిరి యంత్రమును, సగముమందికి నికొటిన్ జిగురు, పట్టీ వంటి మందులను ఇచ్చిరి. ఇరుపక్షములవారికిని వారము వారము ధైర్యము చెప్పి సలహా నొసగిరి. సంవత్సరాంతమున యంత్రము పుచ్చుకొన్నవారిలో నూటికి 18 మందియు, మందులు పుచ్చుకొన్నవారిలో నూటికి సుమారు 10 మందియు సిగరెట్టు మానియుండిరి.

ఈ ఫలితమును సగము చదివి సంతోషింపరాదు. యంత్రముతో సిగరెట్టు మానినవారిలో నూటికి 80 మంది సంవత్సరము పిదపను యంత్రమును పీల్చుచునే యుండిరి. మందులతో మానినవారిలో నూటికి 9 మంది మాత్రమే మందును విడువలేకుండిరి. ఒక త్రాడు తెగినది, మరియొక త్రాడు మిగిలినది. అంతేకాక, సహాయము పొందినవారిలోనే నూటికి 80 మందికి పైగా ఆ యేట మానలేకపోయిరి. మానలేనివానిని చవటయని నిందించువారు ఈ లెక్కను గమనింతురు గాక!

మరియొక పొరపాటు లోకమున మెండుగా కానవచ్చును. ఇంటిలో సిగరెట్టు, కార్యాలయమున ఆవిరి, ఇట్లు రెంటిని పుచ్చుకొనుచు "సగము మానితిని" అని కొందరు తృప్తి పడుదురు. దినమునకు ఒక్క సిగరెట్టు కాల్చువానికి సైతము, ఇరువది కాల్చువానికి కలుగు అదనపు గుండెజబ్బు భయములో ఇంచుమించు సగము ఉండునని 2018లో వెలువడిన పరిశోధన తెలిపెను. గుండె విషయమున సగము మానుట సగము మేలు కాదు.

మన దేశపు చట్టము

బ్రిటనులో వయోజనులు ఈ యంత్రమును కొనవచ్చును. ఒకమారు వాడి పారవేయు రకమును మాత్రము 2025 జూను 1 నుండి అచ్చట నిషేధించిరి. మన దేశమున 2019వ సంవత్సరపు చట్టము దీని తయారి, దిగుమతి, అమ్మకము, ప్రకటన, నిలువ అన్నింటిని నిషేధించినది. దిగుమతి, అమ్మకము వంటి నేరములకు మొదటిసారి ఒక యేడు వరకు చెర గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చిన్నాన్నగారు ప్రేమతోనే తెచ్చియుందురు. ఐనను తేరాని వస్తువును తెచ్చినారు.

సిగరెట్టు అంగడిలో దొరకుచుండగా దానికంటె తక్కువ చెరుపు చేయుదానిని నిషేధించుట న్యాయమా యని పెద్దలు కొందరు అడుగుదురు. ప్రశ్న తగినదే. నిషేధమునకు ప్రభుత్వము చూపిన ముఖ్యకారణము, సిగరెట్టు ముట్టని పిల్లలు ఈ తీపి వాసనలకు లోబడుదురను భయము. ఇరువది యయిదేండ్ల ప్రాయము వరకు మెదడు పెరుగుచునే యుండును; ఆ ప్రాయమున నికొటిన్ దానిని గట్టిగా పట్టును. దొంగచాటు సరకులో ఏమి కలిసినదో అమ్మువానికిని తెలియదు. అమెరికాలో 2019లో చెలరేగిన ఊపిరితిత్తుల జబ్బువలన, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలైరి, 68 మంది మరణించిరి. దొంగ అంగళ్ల గంజాయి ద్రవములందు కలిపిన విటమిన్ ఈ అసిటేటు దానికి ముఖ్యకారణముగా కనబడెను.

ఆ బాలునికి మా ఉత్తరము

నాయనా, మీ చిన్నాన్నగారి మాట కొంత నిజము, కొంత కాదు. చట్టము ఒప్పు దేశమున, ఎట్లును మానలేని వయోజనునకు, సిగరెట్టును పూర్తిగా విడిచి ఆవిరికి మారుట తక్కువ కీడు. భయము లేదనుట మాత్రము అసత్యము. సిగరెట్టు ముట్టనివానికి, ముఖ్యముగా నీ యీడువానికి, అది కొత్త కీడు. అందు లాభ మేమియు లేదు.

మీ నాన్నగారికి మన దేశముననే త్రోవ కలదు. నికొటిన్ జిగురు మందుల దుకాణములందు దొరకును. వైద్యుని యడిగి వాడవచ్చును. 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు ప్రభుత్వ సలహాదారులు పలుకుదురు. నీవు తండ్రికి ఉపన్యాస మీయవద్దు, సిగరెట్టు పెట్టెను దాచవద్దు. ఆయన శాంతముగా నున్న వేళ ప్రక్కను కూర్చుండి, "నాన్నా, ఒక దినము నిర్ణయించుకొనండి, నేను తోడుందును" అని చెప్పుము. మరల తప్పినచో ఎగతాళి చేయక మరియొక దినమును నిర్ణయింపుమనుము. మానినవారిలో పెక్కుమంది పలుమారులు తప్పినవారే.

మీ నాన్నగారికి నలువదియేండ్లని చెప్పితివి. పైని వ్రాసిన తొమ్మిదేండ్ల లెక్క ఆయనకే వర్తించును. ఈ పుటను ఆయనకు చూపుము.