కన్సోల్ మారితే పైథాన్ మారుతుందా?

పైథాన్‌ను తెరవగానే తెరపై మూడు బాణం మొనల గుర్తులు కనిపిస్తాయి. దాని పక్కన 2+3 అని టైపు చేస్తే 5 అని జవాబు వస్తుంది. ఇదే కన్సోల్. ఆదేశాన్ని చదవడం, అమలు చేయించడం, ఫలితం చూపడం, మళ్ళీ తర్వాతి ఆదేశం కోసం ఎదురుచూడడం - దీని పని ఇంతే.

నిజానికి లెక్క చేసేది కన్సోల్ కాదు; దాని వెనుక ఉండే ఇంటర్‌ప్రెటర్. హోటల్లో ఆర్డరు తీసుకునే మనిషి మారినా వంటవాడు మారనట్టే, కన్సోల్‌ను మార్చినా పైథాన్ భాష మారదు. అందుకే మెరుగైన కన్సోల్‌ను తెచ్చి పెట్టుకోవడం సాధ్యమవుతుంది.

ఆ అవసరం ఎందుకు వచ్చింది? పాత కన్సోల్‌లో పది వరుసల ఫంక్షన్ రాసి, ఐదో వరుసలో తప్పు చేశారనుకోండి. పై బాణం మీట నొక్కితే ఒక్కొక్క వరుసే తిరిగి వచ్చేది. మొత్తాన్ని ఒకేసారి తెచ్చి దిద్దుకునే వీలుండేది కాదు. ప్రయోగ ఫలితాలను పదేపదే రకరకాలుగా పరిశీలించే శాస్త్రవేత్తలకు ఇది పెద్ద అడ్డంకి.

2001లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫెర్నాండో పెరెజ్ ఇందుకు ‘ఐపైథాన్’ను రూపొందించాడు. ఇందులో పేరు సగం రాసి ట్యాబ్ మీట నొక్కితే మిగతా సగం పూర్తవుతుంది. పేరు చివర ప్రశ్నార్థకం పెడితే దాని వివరాలు కనిపిస్తాయి. ప్రతి ఆదేశానికీ, ఫలితానికీ వరుస సంఖ్య ఉంటుంది.

2011లో ఐపైథాన్‌లో ఆదేశాలు తీసుకునే భాగాన్ని, అమలు చేసే ‘కెర్నెల్’ను వేర్వేరు ప్రోగ్రాములుగా విడదీశారు. దాంతో బ్రౌజర్‌లో పనిచేసే నోట్‌బుక్ సాధ్యమైంది. 2014లో అదే ‘జూపిటర్’ ప్రాజెక్టుగా మారింది. గురుత్వ తరంగాలను గుర్తించిన లైగో బృందం తన డేటాను విశ్లేషించే పద్ధతిని ఇలాంటి నోట్‌బుక్‌ల రూపంలోనే అందరికీ అందుబాటులో ఉంచింది.

2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13తో పాటు వచ్చే కన్సోల్‌ కూడా మారింది. పైపై ప్రాజెక్టు కోడ్ ఆధారంగా తయారైన ఈ కన్సోల్‌లో పలు వరుసలను ఒకేసారి దిద్దవచ్చు, రంగులూ కనిపిస్తాయి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. నోట్‌బుక్‌లో ఒక గడిని తొలగించినా, అది సృష్టించిన విలువ కెర్నెల్ జ్ఞాపకంలో అలాగే ఉంటుంది. తెరపై కనిపించే కోడ్ ఒకటి, ఫలితం మరొకటి కావచ్చు. ఆ నోట్‌బుక్‌ను మరొకరు నడిపితే జవాబు రాకపోవచ్చు, వేరేది రావచ్చు. కాబట్టి ఫలితాన్ని ఇతరులకు పంపే ముందు కెర్నెల్‌ను మళ్ళీ మొదలుపెట్టి, మొదటి గడి నుంచి వరుసగా అమలు చేసి చూడాలి. కన్సోల్ ఎంత మెరుగైనదైనా, ఈ సరిచూసుకునే పని మాత్రం మనిషిదే.