ఆంగ్ల ప్రారంభబోధన: శ్రవణము, పదజాలము

ఆంగ్లము నేర్వ నారంభించు తెలుగు బాలునికి బస్సు, రోడ్డు, కప్పు మున్నగు మాటలు ముందే తెలియును. ఉపాధ్యాయులు దీనిని లాభముగా నెంచుదురు. చెవి విషయమున నిదియే చిక్కు. తెలుగు అజంతభాష యగుటచే ఈ యరువుమాటల తుద ఉకారము చేరినది, హల్లు ద్విత్వమైనది. ఆంగ్లవాక్యమున ఆ మాట సకారముతోనే యాగి పైమాటతో కలిసిపోగా, బాలుడు తానెరిగిన ‘బస్సు’ను అందు గుర్తింపలేడు.

వకారము మరియొక చిక్కు. పడమరకును బనియనుకును గల ఆంగ్లపదములు రెంటిని మనము ‘వెస్టు’ అనియే వ్రాయుదుము. మొదటిదానికి పెదవులు గుండ్రనగును. రెండవదానికి మీదిపళ్లు క్రిందిపెదవి నంటును. తన భాషలో లేని భేదమును చెవి లెక్కింపదు. నా తరగతిలో తెలుగు నేర్చు హిందీ విద్యార్థులును ‘నెల’, ‘నేల’ నొక్కటిగానే విందురు.

మైకేల్ వెస్టు (ఆ పేరును పై చిక్కులోనిదే) 1953లో ప్రకటించిన పట్టికలో సుమారు 2000 మాటలు కలవు. అవి లిఖితభాష నుండి యేరినవి. వల్లెవేయించినంత శ్రవణము రాదు. వ్రాత చూపక, రెండు పటములు ముందుంచి, మాట పలికి, వ్రేలితో చూపుమనవలెను. తప్పక చూపగలిగిన పిమ్మటనే పలికింపవలెను, వ్రాత కడపట. ఉపాధ్యాయుడే రెండు వకారములను ఒక్కతీరున పలుకువాడైనచో (మాలో పెక్కుమంది అట్టివారమే) ధ్వనిముద్రిక వినిపించుట మేలు.