పొరుగు దేశపు అంగడి: ధరల తారతమ్యము

ఒకే సరుకు ఒక ఊరిలో ఒక ధరకును, క్రోసెడు దూరమునగల వేరొక ఊరిలో మరియొక ధరకును అమ్ముడగుట వారపు సంతకు పోవు వారెల్లరకు అనుభవములోనిదే. ఆ రెండు ఊళ్ల నడుమ రెండు దేశముల సరిహద్దు ఉన్నచో ఏమి జరుగును? పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట మేలని తలంచి, ఐరోపా ఖండమందలి ఒక ఉదాహరణమును ఇచట వివరించుచున్నాము.

జంట పట్టణములు

జర్మనీకి చెందిన కోన్‌స్టాంజ్, స్విట్జర్లాండునకు చెందిన క్రోయిట్స్‌లింగెన్ అను పట్టణములు ఒకే సరస్సు ఒడ్డున ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి. స్విట్జర్లాండులో జీతములు హెచ్చు. అంగళ్ల అద్దెలు హెచ్చు. స్వదేశపు రైతులను కాపాడుటకై మాంసము మొదలగు వానిపై విధించు దిగుమతి సుంకములును హెచ్చు. అందుచే చిల్లర ధరలును హెచ్చినవి. కావున అచటి కుటుంబములు సంచులు చేతబట్టి సరిహద్దు దాటి, జర్మనీ అంగళ్లలో సరుకులు కొని తెచ్చుకొనుచుందురు.

ఇందు మరియొక ఆకర్షణ కలదు. జర్మనీలో పెక్కు వస్తువులపై నూటికి 19 వంతున విక్రయపు పన్ను ఉన్నది. సరుకు దేశము వెలుపలికి పోయినట్లు సుంకపు ఉద్యోగులచే ముద్ర వేయించిన చీటీని అంగడిలో చూపినచో ఆ పన్ను తిరిగి లభించును. 119 యూరోలు చెల్లించిన వానికి 19 యూరోలు చేతికి వచ్చునన్నమాట. 2020 నుండి 50 యూరోలకు మించిన కొనుగోలునకే ఈ సదుపాయము వర్తించుచున్నది.

నాణెపు విలువయు ధరలను మార్చును. యూరో విలువ 1.20 ఫ్రాంకులకు తగ్గకుండ స్విస్ జాతీయ బ్యాంకు 2011 నుండి కాపాడుచు, 2015 జనవరి 15న ఆ కట్టుబాటును విడిచినది. నాడే ఫ్రాంకు విలువ ఎంతయో పెరిగినది. జర్మనీ వర్తకుడు ధర తగ్గింపకయే, స్విస్ కొనుగోలుదారునకు ఆ సరుకు చౌకయైనది.

లాభ మెవరికి? నష్ట మెవరికి?

కొనువానికి సొమ్ము మిగిలినది. కోన్‌స్టాంజ్ వర్తకునకు బేరము పెరిగినది. కాని ఆ పట్టణవాసులకు వాహనముల రద్దీ, అంగళ్లలో బారులు తప్పలేదు. స్విస్ వర్తకుడు బేరమును, ప్రభుత్వము పన్నును కోల్పోయినవి. అందుచే స్విస్ ప్రభుత్వము, ఒక్కొక్కరు రోజునకు పన్ను లేకుండ తెచ్చుకొనదగు సరుకు విలువను 2025 జనవరి 1 నుండి 300 ఫ్రాంకుల నుండి 150కి తగ్గించినది.

మనకు పాఠము

మన దేశమున 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చుటచే, పెక్కు సరుకులపై పన్ను అన్ని రాష్ట్రములందును ఒక్కటే. పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రము దానికి వెలియైనవి. అందుచేతనే పుదుచ్చేరికి చెందిన యానాములో పెట్రోలు, చుట్టునున్న ఆంధ్ర ప్రదేశమున కంటె చౌకగా దొరకుచున్నది.

అయినను లెక్క పూర్తిగా వేయవలెను. లీటరునకు 10 రూపాయలు తగ్గుననుకొందము. 5 లీటర్లకు మిగులునది 50 రూపాయలు. అందులకై రానుపోను 40 కిలోమీటర్లు తిరిగి ఒక లీటరు కాల్చినచో, ఆదా కంటె ఖర్చే అధికము.

పట్నమునకు పోయి సరుకు కొనువారిని నిందించుట తగదు. తమ కష్టార్జితమును పొదుపు చేసికొను హక్కు వారికి కలదు. కాని గ్రామమందలి అంగడి మూతపడినచో బండి లేని వృద్ధులకును, కూలి దొరకని దినములలో పద్దుపై బియ్యము తెచ్చుకొను పేదలకును దిక్కేది? కావున మన ఊరి ధర ఏల హెచ్చినదో పంచాయతీ విచారింపవలెను. రవాణా వ్యయమే కారణమైనచో వర్తకులు కలసి ఒకే బండిపై సరుకు తెప్పించుకొనునట్లు ప్రోత్సహింపవచ్చును. తూకము సరిగానుండునట్లును, ధరల పట్టిక అందరికి కనబడునట్లును చూడవచ్చును. సంతకు నీడ, నీరు, మంచి బాట కల్పించినచో అమ్మువారును కొనువారును తామే వత్తురు.

సరిహద్దున కంచె వేసినంత మాత్రమున బేరము నిలువదు. నమ్మకము, సరసమైన ధర ఉన్నచోటనే నిలుచును.