చేదు చాక్లెట్, ఎండు ఇప్పపువ్వు

చాక్లెట్ అనగానే మనకి తీపే గుర్తుకొస్తుంది. కాని అది పుట్టేది చేదు గింజలోంచి. ఆ గింజ పేరు కోకో. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. మన అత్తిలి చుట్టూ అన్నీ వరిచేలు కాబట్టి ఇక్కడ అంతగా కనిపించదు. ద్వారకా తిరుమల, కామవరపుకోట వైపు మెట్టలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన వేస్తారు. మా అమ్మ కాయలు కొట్టే కూలికి వెళ్ళేది అక్కడికే.

కోకో కాయ పనసకాయలాగ మానుకే కాస్తది. లోపల తెల్లటి గుజ్జులో 30, 40 గింజలుంటాయి. గుజ్జు తియ్యగా, పుల్లగా ఉంటుంది. పచ్చి గింజ కొరికితే మాత్రం చేదు, వగరు. గింజల్ని గుజ్జుతోపాటే 5, 6 రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, తర్వాత వేయిస్తేనే చాక్లెట్ వాసన వస్తుంది. ఇడ్లీపిండిలాగ దీనికీ పులియడం కావాలన్నమాట.

ఇన్నేళ్ళు కాయలు కొట్టినా మా అమ్మ చాక్లెట్ రుచి చూడలేదు. పోయిన వేసవిలో ఆసామి ఒక నల్ల చాక్లెట్ ఇచ్చాడు. అట్టమీద 85 శాతం అని ఉంది. అంటే 100 గ్రాముల్లో 85 గ్రాములు కోకోయే, మిగిలింది దాదాపు పంచదార. అమ్మ నోట్లో వేసుకుని నమిలేసి, "ఇదేంటే, కషాయంలాగుంది! దీనికోసమా ఇంత కష్టం?" అంది. నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

ఇలాంటి చాక్లెట్‌ని నమలకూడదు. చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని ఊరుకోవాలి. కోకోలోని కొవ్వు సుమారు 34 డిగ్రీలకి కరుగుతుంది, మన ఒంటి వేడి 37. అందుకే దానంతటదే కరుగుతుంది. సగం కరిగాక ఏదైనా ఎండుపండు తోడు వేసుకోవాలి. ముందే తీపి తింటే చేదు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం సరిపోతాయి. మామిడి తాండ్ర అయితే దాని పులుపు కూడా కలుస్తుంది.

మా ఇంట్లో ద్రాక్ష లేదు, ఇప్పపువ్వు ఉంది. అది పండు కాదు, పువ్వే. ఎండలు ముదిరే ముందు రాలిన పువ్వులు ఏరి ఎండబెడతాం. నీరు పోయి తీపి నిలుస్తది, ఎండుద్రాక్షలాగే ముడతలు పడతది. ఇప్పపువ్వంటే సారాయే అని నవ్వేవాళ్ళు ఇది తిని చూడాలి. వేయించిన పువ్వు ఒకటి చేతిలో పెట్టేసరికి, రెండో ముక్క అమ్మే అడిగి తీసుకుంది. ఈసారి నమలలేదు.

కుక్కకి మాత్రం చాక్లెట్ పెట్టకండి. కోకోలోని థియోబ్రోమిన్ దానికి విషం.

మా చాక్లెట్ ఆ రోజే అయిపోయింది. ఇప్పపువ్వు నా ట్రంకుపెట్టెలో ఉంది, కావలసినవాళ్ళు అడగండి.